నేను ఆ పువ్వు తినలేదు

నిన్న మా జట్టు పిల్లల కోసం ఎవరో ఇప్పపువ్వు లడ్డూల డబ్బా పంపారు. మూత తీయగానే ఆ మత్తైన తీపి వాసన గదంతా కమ్ముకుంది. అందరూ తలా ఒకటి తీసుకున్నారు, నేను మాత్రం డబ్బాకు దూరంగా జరిగాను. ఏళ్ళ తరబడి కబడ్డీ ఆడి, ఆపైన ఆటసామాను వ్యాపారం పెట్టి, ఇప్పుడొక జట్టునే కొనుక్కున్న మనిషికి లడ్డూ అంటే భయమేమిటని మా మేనేజరు నవ్వాడు. ఆ నవ్వు కూడా గుర్తుపెట్టుకున్నాను.

మా గూడెం ఇల్లందు దాటాక భద్రాచలం వైపు అడవిలో ఉండేది. మోదుగులు ఎర్రగా పూసి రాలే రోజుల్లో పెద్దవాళ్ళు ఇప్పచెట్ల కింద చెత్త కాల్చి నేల శుభ్రం చేసేవారు. తెల్లవారుతుంటే ఆ నల్లటి బూడిద మీద లేతపసుపు పువ్వులు టపటపా రాలేవి, మేం వెదురు గంపలతో వెళ్ళి, వేళ్ళకు జిగురంటుతుంటే, ముక్కులో పొగ, పాదాలకు మంచు, వంగి వంగి ఏరేవాళ్ళం. ఏరుకోవచ్చు గానీ, పెద్దలు కొత్తపువ్వును వేల్పుకు పెట్టేదాకా ఒక్కటి కూడా నోట వేసుకోకూడదు. వేసుకుంటే అడవి ఊరుకోదనేది నాయనమ్మ. ఏం చేస్తుందో చెప్పేది కాదు, అందుకే ఇంకా భయం. ఆ పువ్వంటే ఎలుగుబంట్లకూ ప్రాణం.

నా తొమ్మిదో ఏట నాయనకు జ్వరమొస్తే నన్ను చిన్నాయన వెంట పంపారు. ఆయన తన కొడుకు సోమణ్ణీ తెచ్చుకున్నాడు, వాడూ నా ఈడువాడే. గంపలు సగం నిండాయో లేదో, వెనక పొదలోంచి కొలిమితిత్తి ఊదినట్టు ఊపిరి వినిపించింది. చిన్నాయన సోమణ్ణి చంకనేసుకున్నాడు. నా వైపు ఒక్కసారి చూశాడు. "ఉరుకు" అని, తనే ముందు ఉరికాడు. కొమ్మలు ముఖాన గీరుకుంటుంటే, నా ఊపిరేదో దాని ఊపిరేదో తెలియకుండా వాగు దాకా పరుగెత్తాను. అక్కడ చిన్నాయన వీపు కనిపించింది. ఆ వీపు వెనక్కి తిరగలేదు.

పిల్లవాణ్ణి ఎట్లా వదిలేశావని గూడెంలో అమ్మ నిలదీస్తే, ఆయన అందరి ముందూ నన్ను చూపించాడు.

"పువ్వు తిన్నడు వీడు. గందుకే గుడ్డెలుగొచ్చింది."

నేను తినలేదు. అమ్మ నా నోరు వాసన చూసి లేదని చెప్పింది, ఎవరూ వినలేదు. ఆ ఏడు నన్ను వేల్పు దగ్గరికి రానివ్వలేదు, ఇప్పసారా వాసనతో, డోలు చప్పుడుతో గూడెమంతా ఊగుతుంటే నేను గడపలో కూర్చున్నాను. ఎవరి ఆవు తప్పిపోయినా, ఎవరికి జ్వరమొచ్చినా నా వైపే చూసేవారు. కొన్నాళ్ళకు నిజంగానే తిన్నానేమోనని నాకే అనుమానమొచ్చింది. ఎలుగుబంటి కన్నా ఆ అనుమానానికే ఎక్కువ వణికాను.

తరువాత పత్రికలు నన్ను భయమెరుగని రైడర్ అన్నాయి. అబద్ధం. అవతలి కోర్టులో కాలు పెట్టిన ప్రతిసారీ ఆ ఊపిరి నా వీపుకు తగిలేది. అందుకే ఎవరికీ చిక్కేవాణ్ణి కాదు.

మొన్న ఎండాకాలం చిన్నాయన దగ్గరికి వెళ్ళాను. బొగ్గు కోసం తవ్వకాలు వచ్చి గూడేన్ని రోడ్డు పక్కకు జరిపారు, ఆయన అక్కడ రేకుల ఇంట్లో ఉంటున్నాడు. కుశలమడక్కుండానే ఆ సంగతి అడిగాను. చాలాసేపు దగ్గాడు.

"అవ్ బిడ్డా, నువ్ తినలే. నాకెర్కనే. ఇద్దర్ని ఎత్తుకోలేకపోతి. ఏదన్నొకటి చెప్పాలె గదా."

"గా మాట అందరి ముందు చెప్పు."

"ఎవలున్నర్రా, చెప్పనీకి?"

నిజమే. పెద్దలు పోయారు, అమ్మ పోయింది, సోమడూ పోయాడు. ఆ చెట్లు లేవు, ఎలుగుబంట్లు ఏ గుట్టకు వెళ్ళాయో తెలియదు. ఆ కొత్త ఇళ్ళ పిల్లలకు నేను టీవీలో కనిపించే మనిషిని, అంతే. ఆ పొద్దు అక్కడున్నవాళ్ళలో మిగిలింది మేమిద్దరమే, ఆయనకేమో దగ్గు రోజురోజుకీ ముదురుతోంది. ఆయన కూడా పోతే, నేను తినలేదని నాకు చెప్పేవాడు ఒక్కడూ ఉండడు. ఆ భయంతోనే ప్రతి ఆదివారం వెళ్ళి, ఆయన చేత మళ్ళీ చెప్పించుకుంటున్నాను.