కరకట్ట మీద వేసిన లెక్క

రెండేళ్ల కిందట పెనుమూడి దగ్గర కృష్ణ పొంగిన ఉదయం, అన్నయ్య గేదెలు నాలుగూ, ఒక దూడా ఏటి మధ్య లంకలో ఉండిపోయాయి. నేను రేపల్లెలో తొమ్మిదో తరగతికి లెక్కలు చెబుతాను. అడగకపోయినా లెక్క చెప్పడం నాకున్న జబ్బు.

రేవు గోడ పైఅంచు నుంచి నీటిదాకా టేపుతో కొలిచాను. అరగంట ఆగి మళ్లీ కొలిస్తే నీళ్లు రెండంగుళాలు పెరిగాయి. లంకకి వెళ్లే బాట నీటికి ఇంకా పదహారంగుళాల ఎత్తులో ఉంది.

"గంటకి నాలుగంగుళాలు అన్నయ్యా. నాలుగు గంటల టైముంది," అన్నాను బల్లగుద్ది.

"నువ్వు చెప్పాక ఇంకేంటి," అని ఫోను నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. పదో తరగతి తప్పిన మనిషికి నా లెక్కంటే అంత గురి.

ఇంకో అరగంటకి ఊరికే ఉండలేక కొలిచాను. ఈసారి అయిదంగుళాలు. టేపు సరిగా పెట్టలేదేమోనని మళ్లీ చూశాను. అయిదే.

రెండు బిందువులిస్తే ఎవరైనా తిన్నటి గీత గీసేస్తారు. వాలు ఎక్కడ కొలిచినా ఒకటేనని బోర్డు మీద ఎన్నిసార్లు చెప్పానో! అది తిన్నటి గీతకేనని, పైన బ్యారేజీ గేట్లు ఎత్తిన ఏటికి కాదని నాకే తట్టలేదు. మిగిలింది గంట, అదీ నమ్మకం లేదు.

కట్ట మీద కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ అన్నయ్యని కేకేశాను.

"గాలి ఎదురండి, వినబడదు," అందొక ముసలావిడ.

మరో గంటన్నరకి అన్నయ్య కనబడ్డాడు. మునిగిన బాట మీద, తొడలోతు నీళ్లలో, నాలుగు గేదెల్నీ తోలుకుంటూ కట్టెక్కాడు. తిట్టాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను.

"దూడ బెదిరి అరటితోటలోకి దూరిందమ్మాయ్. ఇంకెంత టైముందో చెప్పు, తెచ్చేస్తా."

టేపు నా చేతిలోనే ఉంది.

"నాకు తెలీదన్నయ్యా."

నా మొహంలోకి కాసేపు చూసి, కండువా పిండుకుని కూర్చున్నాడు.

"నీకే తెలీకపోతే ఇంక వెళ్లనులే."

తల్లిగేదె సాయంత్రందాకా లంకవైపు తిరిగి అరుస్తూనే ఉంది.