ఒనెసీమ్ కుక్కగూడు

ఒనెసీమ్ ప్రెవో బతికినన్నాళ్ళూ ఒక్కణ్ణీ మెచ్చుకున్న పాపాన పోలేదు. పగలు గోడలకు గచ్చు కొట్టేవాడు, ఆదివారాలు న్యూ ఆర్లీన్స్ వీధుల్లో ట్యూబా ఊదేవాడు. ఇత్తడి కొండచిలువలా ఒంటికి చుట్టుకుని ఉండేది ఆ బాకా. ఈ రెండు పనులూ లేనప్పుడు పక్కవాళ్ళ వాయిద్యాలకు పేర్లు పెట్టేవాడు.

క్లారినెట్‌ని అతిమధురం పుల్ల అనేవాడు. "వాయిస్తున్నావా, చీకుతున్నావా?" అని దాన్ని వాయించే ముసలాయన్ని నలుగురిలో అడిగాడొకసారి. ముందుకీ వెనక్కీ లాగి ఊదే ట్రాంబోన్ బురద పంపు. పియానో చిమ్మటల పెట్టె. ఇందులో సగం పేర్లు అంతకుముందే వీధిలో ఎవడో అన్నవి. కానీ ఒనెసీమ్ నోట పడితేనే అవి మనిషికి అంటుకునేవి, గచ్చులాగే, గీకినా పోయేవి కావు. అన్నిటికంటే ఏవగింపు మాత్రం నిలువెత్తు బాస్ ఫిడేలు మీద. "అది కుక్కగూడురా. నాలుగు చెక్కలు కొట్టారు, లోపలంతా ఖాళీ. బయట నిలబడి గీరితే గుర్రుమంటుంది. ఊపిరితిత్తులు లేని మగాళ్ళ కోసం చేశారు దాన్ని."

తన ట్యూబాకి ఏ పేరూ పెట్టలేదు. అది "నా కొమ్ము", అంతే. వెనకాల జనం దాన్ని మూలుగు ఇనుము అనేవాళ్ళు. డ్రమ్ములు కొట్టే గస్ ఒకసారి ఆ మాట మొహం మీదే అనేశాడు. అప్పట్నుంచి ఒకే బ్యాండులో పక్కపక్కన కూర్చుంటున్నా గస్‌తో మాటల్లేవు.

ఆ బ్యాండు ఒనెసీమ్ బావమరిది ఎవరిస్ట్‌ది. ట్రంపెట్ వాడు, మంచివాడు, అందుకే అందరికీ లోకువ. ఒక సోమవారం ఒనెసీమ్ ఎర్ర చిక్కుడుగింజల కూర అన్నంలో కలుపుకుంటుంటే, ఎవరిస్ట్ దుప్పట్లో చుట్టిన పొడవాటి దాన్నేదో మోసుకుంటూ గుమ్మంలోంచి ఏటవాలుగా దూరాడు.

"ఏంట్రా, శవమా?"

"లోపలికి రానీ బావా." ఎవరిస్ట్ దుప్పటి లాగాడు. బాస్ ఫిడేలు. "సరస్సు ఒడ్డున డాన్సు హాలు వాడు ఎండాకాలమంతా మనకే ఇస్తాడంట. కానీ ట్యూబా వద్దంట. పాతబడిపోయిందంట. ఇది కావాలంట."

"వాడికేం తెలుసురా? సోడాలమ్ముకునే వెధవ!"

"సోడాలమ్ముకునేవాడే. హాలు కూడా వాడిదే. నువ్వు కాదంటే పక్కవీధి ఆల్సీడ్‌ని పిలవాలి, వాడికిది వచ్చు. ఒకసారి వాడొచ్చాడంటే ఇక నీ చోటు లేనట్టే, నన్ననొద్దు."

"అక్క మొగుణ్ణి కుక్కగూట్లో కట్టేస్తావా?"

"అక్క మొగుడివనేగా ముందు నిన్నడుగుతున్నాను."

ఒనెసీమ్ పెళ్ళాం ఫిలొమీన్ పొయ్యి దగ్గర్నుంచే అందుకుంది. "నీ కొమ్ముకి ఇక మిగిలినవి శవయాత్రలే కదయ్యా. ఎవడు చస్తాడా అని గుమ్మంలో కూర్చుంటావా?"

అలా మొదలైంది. సాయంత్రాలు వంటింట్లో నిలబడి సాధన. ఇన్నేళ్ళ ఊదుడు ఎక్కడికి పోతుంది? ప్రతి తీగకీ ముందు గుండెల్నిండా గాలి పీల్చి, బుగ్గలు బూరెల్లా పొంగించి, అప్పుడు లాగేవాడు. ఫిలొమీన్ నవ్వుతూ కూర మాడ్చింది.

"ఏమయ్యా, దాన్నెక్కణ్ణుంచి ఊదుతున్నావ్?"

"నోర్ముయ్యవే."

బుగ్గలు ఆపాలని ఊపిరే బిగబట్టాడు. పాట సగంలో కళ్ళు తిరిగి బల్ల మీద పడ్డాడు.

ఆ తర్వాతి ఆదివారం మధ్యాహ్నం సరస్సు దగ్గర హాలు కిటకిటలాడుతోంది. నీళ్ళలో గుంజలు పాతి పైన పలకలు పరిచిన హాలు. బయట పీతలు ఉడుకుతున్నాయి. గుమ్మం దగ్గర ఆల్సీడ్, తలకి నూనె రాసుకుని, పెళ్ళికొడుకులా నిలబడున్నాడు. ఒనెసీమ్ అంటు ముట్టుకున్నట్టు వేలి కొసల్తో తీగలు తాకాడు. మొదటి పాట అయిపోయింది. అతను వాయించాడని ఒక్కడికీ తెలీలేదు. సోడాల వాడు ఎవరిస్ట్ వైపు చూసి వినబడట్లేదన్నట్టు చెవి దగ్గర చెయ్యి ఆడించాడు. ఎవరిస్ట్ తల వంచుకున్నాడు. తర్వాత గుమ్మం వైపు చూశాడు.

"అన్నా, కుక్క పడుకుందా?" అన్నాడు గస్.

రెండో పాట మొదలవగానే ఒనెసీమ్ తీగని ఊడబెరికేట్టు లాగి వదిలి, అరచేత్తో ఆ చెక్కని ఈడ్చి కొట్టాడు. గచ్చు ముద్దని గోడకేసి కొట్టే చెయ్యి అది. అలా కొట్టి వాయించడం ఆ ఊరికి కొత్తేం కాదు. కొత్తదల్లా ఆ కసే. గస్ నోటి మీద, ఆల్సీడ్ నూనె తలకాయ మీద, సోడాల వాడి చెవిలో కొట్టినట్టు కొట్టాడు. కింద పలకలు దద్దరిల్లాయి. ఆడవాళ్ళు కేకలేశారు, మగాళ్ళు టోపీలు ఎగరేశారు. ఆల్సీడ్ ఒక సోడా తాగి వెళ్ళిపోయాడు.

'గాడిదలు' అనుకున్నాడు ఒనెసీమ్. 'ప్రాణం పెట్టి ఊదినన్నాళ్ళూ ఒక్కడు తల తిప్పలేదు. చెంపలు వాయిస్తే చప్పట్లు.' అప్పుడు చూసుకున్నాడు, బుగ్గలు పొంగలేదు. ఊపిరి దాని దారిన అది ఆడుతోంది.

పాటలయ్యాక ఎవరిస్ట్ చెమట తుడుచుకుంటూ వచ్చాడు. "చోటు నీదే బావా. ఇప్పుడేమంటావ్ దీన్ని?"

"కుక్కగూడే. నీ చేతిలోది గరాటా."

ఇంటికొచ్చి బొబ్బలెక్కిన వేళ్ళని ఉప్పునీళ్ళలో పెట్టి కూర్చున్నాడు. కుక్కగూడు గోడకి ఆనించుంది. పొయ్యి పక్క మూలలో ట్యూబా. అటూ ఇటూ తిరుగుతూ ఫిలొమీన్ మోకాలు దానికి కొట్టుకుంది.

"దీన్నేం చేద్దామయ్యా?"

"ఏది, ఆ మూలుగు ఇనుమా?" అన్నాడు తల తిప్పకుండా. "అటకెక్కించు."

ఫిలొమీన్ చేతిలో గరిటె ఆగింది. ఉప్పునీళ్ళలో అతని వేళ్ళు కూడా ఆగాయి. ఆమె ఏదో అనబోయింది.

"అన్నం పెట్టవే," అన్నాడు ఒనెసీమ్.