తోమా పొత్రం, మేస్టారి మారుతి

తొమ్మిదో తరగతిలోనే బడికి దణ్ణం పెట్టేసినవాణ్ణి గానీ, ఈ సంగతి నా అంత బాగా చెప్పేవాడు ఇక్కణ్ణుంచి గొలుగొండ దాకా ఇంకొకడు లేడు.

మా నర్సీపట్నంలో తోమా టింకరింగ్ మేస్త్రి. కారు రేకు సొట్టపడితే లోపలి నుంచి తట్టి, రంగు చెదరకుండా పైకి తెచ్చేవాడు. పాత లుంగీ గుడ్డ పరిచి, కళ్ళు మూసుకుని అరచేత్తో తడిమితే ఆవగింజంత సొట్టయినా దొరికిపోయేది. రోలుగుంట దగ్గర లారీ తొక్కేసిన అంబాసిడర్‌ని మధ్యాహ్నం భోజనాల వేళకి పెళ్ళికొడుకులా నిలబెట్టాడు. నమ్మకపోతే పోండి, నేను పక్కనే ఉన్నాను.

అలాంటివాణ్ణి, పనిచేస్తున్న సింగన్న కార్ల షెడ్డులోంచి గెంటించింది కాలేజీ లెక్చరరు నారాయణమూర్తి మేస్టారు. ఆయన నడిపే క్రీమ్ రంగు మారుతి సొంతం కాదు, భార్య అన్నగారు సోమసుందరంది. హైదరాబాదు బదిలీ మీద వెళ్తూ భద్రంగా చూడమని అప్పజెప్పాడు. తొంభై ఏడులో మేస్టారు బలిఘట్టం రోడ్డులో కారు వెనక్కి తీస్తూ చెరకు బండిని గుద్దేశారు. బావగారికేం చెప్పాలి? తిన్నగా షెడ్డుకొచ్చి, పదిమంది ముందు, "సర్వీసుకిస్తే మీ తోమాగాడు గుద్దేశాడు సింగన్నా!" అన్నారు. చెరకు బండి తోలిన మా జోగులు మావ నిజం చెప్పాడు గానీ, లెక్చరరు మాట ముందు బండివాడి మాట ఎవడు వింటాడు? సింగన్న ఆ సొట్టని పుట్టీతో పూడ్చి రంగేయించి, తోమాని పంపేశాడు. కార్లు గుద్దేసే తోమా అని పేరు పడిపోయింది. ఇంకే షెడ్డూ గుమ్మం తొక్కనివ్వలేదు.

తోమా ఇంటి ముందే పని మొదలెట్టాడు. రేకు వెనక దన్నుకి ఇనప దిమ్మ లేక, సన్నికల్లు పొత్రం పట్టుకొచ్చేవాడు.

"చేపల పులుసుకి మసాలా ఏటితో నూరను, నీ బుర్రతోనా?" అని భార్య లీల రోజూ కేకలేసేది.

రెండేళ్ళు గడిచాయి. ఒకరోజు పొద్దున్నే మేస్టారి మారుతి తోమా గుమ్మంలో ఆగింది. వెనక తలుపు గేటు స్తంభానికి తగిలి కొత్త సొట్ట.

"సాయంత్రం బస్సుకి బావగారు దిగుతున్నారు. కొంచెం త్వరగా చూడు, తోమా బాబూ!"

రెండేళ్ళ కిందట తోమాగాడు, ఇవాళ తోమా బాబు!

తోమా అయస్కాంతం ముక్క తెచ్చి రేకు మీద జరుపుకుంటూ పోయాడు. వెనక చక్రం పైన అది అంటుకోకుండా జారిపోయింది.

"ఇక్కడున్నది రేకు కాదు మేస్టారూ, పుట్టీ."

రెండు దెబ్బలు వేశాడు. పుట్టీ పెచ్చుగా ఊడి, చెరకు బండి సొట్ట నోరు తెరిచింది.

"ఎంత పని చేశావురా!"

"లోపల సొట్ట ఉంచీసి పైన నున్నగా సేసి పంపితే నా పేరు సెడిపోద్ది. ఇది ఎలాగ పడిందో షెడ్డులో అందరి ముందూ సెప్పి, సింగన్నని తీసుకురండి. అప్పుడు రెండూ తీస్తాను."

"టైము లేదయ్యా!"

"అయితే బేగి ఎల్లండి."

ఆ కారుతో బజార్లోకి పోలేక మేస్టారు నడిచే వెళ్ళారు. ఇలాంటిది నేను వదులుతానా? వెనకాలే వెళ్ళాను. షెడ్డులో తల దించుకుని ఏదో గొణిగారు.

"గట్టిగా సెప్పండి మేస్టారూ, వెనక బెంచీకి వినపళ్ళేదు!" అన్నాను. బళ్ళో మేస్టార్లందరి చేతా నేను తిన్న దెబ్బలన్నీ ఆ ఒక్క మాటతో చెల్లు.

ఆయన మళ్ళీ చెప్పారు. ఈసారి రోడ్డు మీదికి వినపడింది.

సింగన్న తోమా ఇంటికి పరుగున వచ్చాడు. "తప్పయిపోనాది తోమా. రేపే పన్లోకి వచ్చీ."

"మా పొత్రం ఇల్లు దాటి రాదు," అన్నాడు తోమా.

నాలుగు గంటలకల్లా రెండు సొట్టలూ మాయం. కానీ పుట్టీ ఊడిన చోట మాత్రం అరచేయంత మేర బోడి రేకు వెండిలా మెరుస్తోంది.

"మరి రంగో?" అన్నారు మేస్టారు.

"రంగు నా పని కాదండి."

సింగన్నకేసి చూశారు. "ఆరడానికే రెండు రోజులు," అన్నాడు సింగన్న.

అయిదింటికి బస్సు వచ్చింది. మేస్టారు ఆ కారుతోనే ఎదురెళ్ళారు. షెడ్డు మొత్తం బస్టాండులోనే ఉంది. జోగులు మావ బండి కట్టుకుని మరీ వచ్చాడు. సోమసుందరం చెల్లెలి క్షేమం అడక్కముందే ఆ రేకు మీద వేలు పెట్టాడు.

"ఇదేమిటి బావా?"

మేస్టారు నోరు తెరిచారు. మమ్మల్నందర్నీ ఓసారి చూశారు. ఈసారి తోమా పేరు ఆయన నోటికి రాలేదు.