మెడ మెటిక

మా నాయనకు గడ్డం గీయించుకునేది ముఖ్యం కాదు, ఆ తర్వాత మెడ మెటిక ఇరిపించుకునేదే ముఖ్యం. కళ్యాణదుర్గం మార్కెట్లో కాయల మూటలు మోసే హమాలీలందరికీ అదే అలవాటు. పొద్దస్తమానం వేరుశెనగ మూటలు మెడ మీద మోసి, సాయంత్రం పోయి సెలూన్లో కూచుంటారు. గడ్డం అయిపోతానే, గీసినాయప్ప ఒక చెయ్యి దవడ కింద, ఇంకో చెయ్యి తల వెనక పెట్టి, ఏదో ఒక మాట మాట్లాడతా గబుక్కున తిప్పుతాడు. టక్ మంటాది. ఆ పక్క ఒకటి, ఈ పక్క ఒకటి. ఆ శబ్దం రాకుండా కుర్చీలోంచి లేసేది లేదు.

నాయనకు మెటిక ఇరిసే ఆయప్ప, సెలూన్ పెట్టకముందు నుంచీ స్నేహితుడు. ఇద్దరూ ఒక్క వీధిలో పెరిగినారు. నేను చిన్నాయనా అని పిలుస్తాను. నాయన తన మెడను ఇంకెవరి చేతికీ ఇచ్చేటోడు కాదు. వాని చెయ్యి పడితేనే మూట దిగినట్టుంటాది అనేవాడు. అమ్మ పోయినంక మా ఇంట్లో ఉండేది నాయనా, నేనూ, నా కుట్టుమిషనూ. మా ఇంట్లో నవ్వు వినపడాలంటే చిన్నాయన రావాల్సిందే.

ఆ ఏడు వానలు మొగం చాటేసినాయి. మార్కెట్‌కు కాయలొచ్చేదే తక్కువ, మోసేటోళ్ళు ఎక్కువ. పిలిచినారు గదా అదే చాలని, ఆ వయసులో నాయన మూటకు భుజం ఇచ్చినాడు. లారీకి ఏసిన పలక మీద కాలు జారి, మూటతో సహా కిందపడినాడు. మెడ పట్టేసింది. ఆస్పత్రికి పోదాం పా అని నేను మొత్తుకున్నా. వింటే గదా! నేరుగా పోయి సెలూన్లో కూచున్నాడు. చిన్నాయన ఎప్పట్లాగే తిప్పినాడు. శానా హాయిగా ఉండాదని నాయన నవ్వుతా ఇంటికొచ్చి, కడుపునిండా సంగటి తిన్నాడు.

మర్నాడు లేస్తానే కండ్లు తిరిగినాయి. కక్కుకున్నాడు. నడుస్తాంటే ఒక పక్కకు ఒరిగిపోతాండాడు. పైత్యమన్నారు వీధిలో వాళ్ళు. నిమ్మకాయ నీళ్ళు తాపినా. తిరుగుడు తగ్గింది గానీ, పోను పోను చేతుల్లో పట్టు పోయింది. చొక్కా గుండీలు పెట్టుకోలేక, కూతుర్ని అడిగేకి సిగ్గయి, రొమ్ము తెరుచుకోని తిరిగేవాడు. పొద్దంతా ఊరోళ్ళ చొక్కాలకు గుండీలు కుట్టే నేను, ఆ పొద్దు మిషను మూసేసి నాయన గుండీలు పెట్టినా. బలవంతాన బెంగుళూరు పెద్దాస్పత్రికి తీసుకపోయినా.

ఆడ డాక్టరు స్కాన్ బొమ్మ తెర మీద పెట్టి చెప్పినాడు. తలను మోసే పై ఎముక, దాని కిందుండే ఎముక మీద నుంచి జారి వెన్నుపామును నొక్కుతాండాది. ఇట్లే వదిలేస్తే కాళ్ళు, చేతులు పోయి, ఆఖరికి ఊపిరి కూడా ఆగిపోతాది. స్క్రూలు ఏసి బిగించాల. సరే అనబోతాంటే ఇంకో బొమ్మ చూపించినాడు. మెడ ఎముకలకు రెండు పక్కలా బెజ్జాలుంటాయంట. వాటిల్లోంచి పక్కకొక రక్తనాళం ఎక్కి, పై ఎముక దగ్గర వంకర తిరిగి, మెదడు వెనక భాగానికి రక్తం తీసుకపోతాదంట. నాయనకు కుడిపక్కది లోపలి పొర చినిగి, రక్తం గడ్డకట్టి, మూసకపోయింది. ఆ తిరుగుడూ, ఆ వాంతులూ దానివల్లే. ఇప్పుడు మెదడు వెనక భాగమంతా ఎడమపక్క దాని మీదే బతుకుతాండాది. అదేమో స్క్రూ పోవాల్సిన చోటును ఆనుకోనే ఉండాది. దానికి దెబ్బ తగిలితే మనిషి దక్కేది కష్టం అన్నాడు.

మరెట్ల సార్ అని అడిగితే, ఎడమపక్క స్క్రూ వేసేది లేదన్నాడు. మూసుకపోయిన పక్కే వేస్తారంట, ఆడ ఇంక పోయేదేమీ లేదు కాబట్టి. నడుం దగ్గర ఎముక ముక్క తీసి మెడలో పెడతారంట. అది అతుక్కునేదాకా మెడ తిరగనే కూడదు.

అసలెట్ల చినిగింది సార్ అన్నా. పడినప్పుడే చినిగి ఉండొచ్చు, ఆ తర్వాత ఎవరన్నా మెడ గట్టిగా తిప్పినారా అని అడిగినాడు. నేను నోరు తెరిచేలోపల నాయన నా చెయ్యి పట్టుకున్నాడు. పట్టు లేని చెయ్యే, అయినా నా నోరు మూయించింది. ఎవరూ తిప్పలేదు, పడినానంతే అని డాక్టరుకు చెప్పినాడు.

బయటికొచ్చినంక నా మొగమ్మీదే చెప్పినాడు. "వాని చెవిన ఈ మాట పడకూడదు. తెలిస్తే వాడు మళ్ళా కత్తి పట్టడు."

నాకు ఒళ్ళు మండింది. సావు ముందర నిలబడింది నువ్వు గదా నాయనా, ఆయన కాదు గదా అన్నా.

ఆపరేషన్ జరుగుతాంటే, మెట్ల మీద కూచోని, ఎడమపక్కది కాపాడు సామీ అని మొక్కుకుంటానే ఉన్నా. ప్రాణంతో బయటికొచ్చినాడు. వేళ్ళు అట్లే మొద్దుబారినాయి గానీ, కాళ్ళు కదిలినాయి. మెడకు గట్టి పట్టా ఏసి ఇంటికి పంపినారు.

చిన్నాయన తన పెట్టె తెచ్చుకోని ఇంటికే వచ్చినాడు. తల కదలకుండా చూసుకుంటే, గడ్డం గీసేంత సేపు పట్టా ముందర భాగం తియ్యొచ్చని డాక్టరు చెప్పిండె. నాయనను గోడకు ఆనించి కూచోబెట్టి, పట్టా ఇప్పి, నేను పక్కనే నిలబడినా. ఇద్దరూ పాత ముచ్చట్లు తీసినారు. ఆపరేషన్ అయినంక నాయన నవ్వింది ఆ పొద్దే. చిన్నాయన నురగ తుడిచినాడు, కత్తి పెట్టెలో పెట్టినాడు. మాట్లాడతా మాట్లాడతానే ఆయన ఒక చెయ్యి దవడ కిందికి పోయింది, ఇంకో చెయ్యి తల వెనక్కి పోయింది. నాయన ఎప్పట్లాగే కండ్లు మూసుకున్నాడు.

"తియ్ చెయ్యి! ఒకసారి చంపింది చాలలేదా?"

అరిచింది నేనే. చిన్నాయన చేతులు గాల్లోనే ఆగిపోయినాయి. నన్ను చూసినాడు, నాయనను చూసినాడు. దాని మాటలు పట్టించుకోవద్దురా, తిక్కది అన్నాడు నాయన. ఇన్నేండ్లు గీసిన మొగంలో అబద్ధం ఆయనకు కనపడకుండా ఉంటాదా! తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకున్నాడు. పెట్టె మూసినాడు. వాకిలి దాటినాడు. వాకిలి నాయనకు పక్కన ఉండె, తల తిప్పి చూసేకి లేదు. నేను పట్టా బిగిస్తాంటే, ఎదురుగోడను చూస్తానే అడిగినాడు.

"పోయినాడా?"

"పోయినాడు నాయనా."

నేను అరిచింది తప్పని ఎవరన్నా అంటే ఒప్పుకోను. అరవకపోతే ఈ పొద్దు నాయన లేడు. ఎముక అతుక్కుంది, ఎడమపక్క రక్తం బాగా పారుతాండాదని డాక్టరు సంతోషపడినాడు. చిన్నాయన మాత్రం సెలూన్ మూసేసి కదిరిలో కొడుకు దగ్గరికి పోయినాడు. ఫోన్ చేస్తే ఎత్తడు. నాయన గడ్డం ఎవరినీ ముట్టనీడు, అది రొమ్ము మీదికి వచ్చింది. పొద్దున లేస్తానే కుర్చీని చిన్నాయన వచ్చే దావ వైపు తిప్పి ఏయించుకోని కూచుంటాడు. మెడ తిప్పి చూడలేడు గదా, ఆ వచ్చేటోడు ఎదురుగానే రావాల.