యాంటెన్నా పట్టుకున్నది నేను

ఎండలో కాగిన ఇనుప గొట్టాన్ని కాసేపు పట్టుకుని వదిలితే అరచేతికి ఒక వాసన అంటుకుంటుంది, సబ్బుతో ఎంత రుద్దినా ఆ పూటకు పోదు, ముద్ద నోటి దాకా తెచ్చుకున్నప్పుడల్లా ముక్కుకు తగులుతూనే ఉంటుంది. మొన్న మిరపకాయలు ఎండబోయడానికి మిద్దె ఎక్కి, కాలు జారబోయి చేతికందిన పాత టీవీ యాంటెన్నా గొట్టాన్ని పట్టుకున్నప్పుడు అదే వాసన మళ్ళీ వచ్చింది. ఇప్పుడది బట్టల తీగ కట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరావడం లేదు, కొసన ఉండే అల్యూమినియం కడ్డీల్లో సగం కోతులు విరగ్గొట్టాయి, మిగిలినవాటి మీద పావురాలు కూర్చుని వంచేశాయి. ఒకప్పుడు మా ఇంట్లోకి హైదరాబాదును దింపింది ఆ గొట్టమే. దాన్ని పట్టుకున్నది నేను. ఇంత గట్టిగా ఎందుకు చెప్పాల్సి వస్తోందంటే, మా చెల్లెలు ఉమ దాన్ని తానే పట్టుకున్నానని ఈ మధ్య నిండు సభలో చెప్పింది.

ఉమ భౌతికశాస్త్రవేత్త. ఆకాశం నుంచి వచ్చే రేడియో అలల్ని పట్టుకునే పెద్ద పెద్ద యాంటెన్నాలను తయారు చేయడం దాని పని, దాని బతుకంతా అదే. నాది రాయచూరు బజారులో నాయన నడిపిన స్టీలు సామాన్ల దుకాణం. పొద్దున షట్టరు ఎత్తినప్పటి నుంచి వచ్చేవాళ్ళు గ్లాసు తిప్పి చూస్తూ, బరువు అంచనా వేస్తూ, చివరికి గ్లాసు పక్కన పెట్టి, "మీ చెల్లె చుక్కల మాటలు వింటదంట గదా?" అంటారు. నేను వాళ్ళ మాట వినడానికి అక్కడ కూర్చున్నానని ఒక్కరికీ తోచదు. నాకు అసూయ. దానికి వేరే ముద్దుపేరు పెట్టి చెప్పను, అసూయ అంటే అసూయే, పొద్దున్నే చాయ్‌తో పాటు గొంతులోకి దిగుతుంది.

మా చిన్నప్పుడు ఊళ్ళో ఉన్న చిన్న టవరు నుంచి హిందీ కార్యక్రమాలు అద్దంలా వచ్చేవి. అందరికీ అది చాలు, మా అవ్వకు మాత్రం చాలదు. అవ్వ అంటే నాయన తల్లి, కూరగాయలామెతో కన్నడంలో బేరమాడేది, పక్కింటి చాచీతో ఉర్దూలో ముచ్చట పెట్టేది, ఏడవడానికి మాత్రం తెలుగు సినిమానే కావాలనేది. తెలుగు కావాలంటే హైదరాబాదు వైపు నుంచి గాలిలో కొట్టుకుని అలసి వచ్చే అలల్ని పట్టాలి. అందుకని నాయన మిల్లు దగ్గర పాత గొట్టాలు రెండు కొని, అతికించి, మా వీధిలో ఎవరికీ లేనంత పొడుగున మిద్దె మీద నిలబెట్టి, దాని అడుగున తిప్పడానికి ఒక అడ్డకడ్డీ బిగించాడు. కడ్డీ పట్టి గొట్టాన్ని ఈశాన్యానికి తిప్పే పని పెద్దపిల్లనైన నాది. బొమ్మ వచ్చిందో పోయిందో టీవీ ముందు కూర్చుని చెప్పే పని ఉమది. దానివి నోటి పని, పిరుదుల పని, రెండే.

మా పాత మిద్దె నడుమ వెలుతురు కోసం వదిలిన కంత ఉంటుంది, గవాచి అంటాం. కింద టీవీ సరిగ్గా దాని పక్కనే ఉండేది. ఉమ తల పైకెత్తి అరిస్తే ఆ మాట గవాచిలోంచి నాకు చేరేది. "వచ్చె, వచ్చె... పాయె. పాయె అక్కా. ఎనకకు తిప్పు. జర... జర... ఏంది, మల్ల పాయె." ఆదివారం సాయంత్రం వీధిలో పోయేవాళ్ళకు మా ఇంట్లో ఏదో వచ్చి పోతూ ఉందని అర్థమయ్యేది. పక్క మిద్దె మీద చాచీ వడియాలు తీసుకుంటూ, "ఆయా క్యా బేటీ?" అని అడిగేది. వస్తే ఆమె కూడా పిల్లల్ని వెంటేసుకుని గబగబా మెట్లు దిగి మా ఇంటికి వచ్చేది, నేను ఒక్కదాన్నే మిగిలేదాన్ని.

మిద్దె మీద నేను చూసినన్ని రుతువులు మా ఇంట్లో ఎవరూ చూడలేదు. పత్తి కాలంలో జిన్నింగు మిల్లుల నుంచి నూగు లేచి వచ్చి యాంటెన్నా కడ్డీలకు, నా జడకు, కనురెప్పలకు అంటుకునేది. కార పున్నమి నాడు వీధుల్లో ఎద్దుల కొమ్ముల రంగులు, మెడగంటలు, వాటి వెనక పరుగెత్తే జనం పైనుంచి ఎంత చిన్నగా కనిపించేవారో. వానాకాలం ముందు దుమ్ము లేచి కోట గుట్టను మింగేసేది, ఉత్తరాన శక్తినగర్ కరెంటు కేంద్రం పొగ సన్నగా నిలబడి, గాలి మారగానే పక్కకు పడుకునేది. ఇక మా రాయచూరు ఎండ సంగతి కొత్తగా చెప్పేదేముంది, సాయంత్రం అయిదు దాటినా గొట్టం చెయ్యి పెట్టనిచ్చేది కాదు. అవ్వ తువ్వాలు తడిపి పైకి విసిరేది, అది చుట్టి పట్టుకుంటే తువ్వాల్లోంచి ఆవిరి లేచేది, సినిమాలో మొదటి పాట అయ్యేలోపు ఎండిపోయేది.

గవాచిలోంచి నాకు బొమ్మ తప్ప అన్నీ వచ్చేవి. బొరుగులతో చేసిన ఒగ్గాణి తిరగమోత వచ్చేది, మిరపకాయ బజ్జీలు నూనెలో పడే చప్పుడు వచ్చేది. నాగుల పంచమికి నువ్వుల ఉండలు, శెనగల ఉండలు, బెల్లం పాకం పట్టే వాసన కలిసి పైకి లేచేవి. ఉగాదికి బక్షాల మీద నెయ్యి కాగేది. పొలాల పండగ ఎళ్ళ అమాసకు సజ్జ కడుబులు ఉడికేవి, మాకు పొలం లేకపోయినా అవ్వ చేయకుండా మానేది కాదు. "నీకు దీసి పెట్టిన బిడ్డా," అని అవ్వ కిందనుంచి చెప్పేది, తీసి పెట్టేది కూడా. నేను దిగేసరికి బజ్జి మెత్తబడి నూనె వదిలేది, ఉమ మూతి మెరుస్తూ ఉండేది. ఆ మెరుపు చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఇంతకీ ఆ ఆదివారం సంగతి చెప్పాలి. అవ్వ పెళ్ళైన కొత్తలో తాతతో కలిసి చూసి, మళ్ళీ ఎప్పటికైనా చూడాలని ఆశపడ్డ సినిమా ఒకటి వస్తుందని తెలిసింది. మధ్యాహ్నమే చాపలు పరిచారు, వీధి సగం మా ఇంట్లో ఉంది. నేను కడ్డీ పట్టి తిప్పుతుంటే ఒక చోట కింద గుప్పున కేక లేచింది, బొమ్మ వచ్చింది, ఎప్పుడూ రానంత తేటగా వచ్చింది. హమ్మయ్య అని చెయ్యి వదిలాను. పోయింది. పట్టుకున్నాను, వచ్చింది. గొట్టానికి తాడు కట్టాను, రాయి ఆనించాను, పోయింది. నా చెయ్యి ఉంటేనే బొమ్మ ఉంటోంది. నాయన గవాచి కిందకు వచ్చి పైకి చూశాడు, ఆయన ముఖంలో బతిమాలడం నేను చూడడం అదే మొదటిసారి. "ఇడ్వకు బిడ్డా. అవ్వ ఏడుస్తుంది, సంబరంగ. గట్లనే పట్కో."

పట్టుకున్నాను. సినిమా అయ్యేదాకా పట్టుకున్నాను. కింద వీధి వీధంతా నవ్వింది, ముక్కు చీదింది, పాటకు చప్పట్లు కొట్టింది. నా చేతులు తిమ్మిరెక్కాయి, అయినా అంతమంది నవ్వు నా చేతిలో ఉందన్న గర్వం ఉంది చూశారూ, దాన్ని దాటి నా జీవితంలో ఏదీ రాలేదు. ఆ సినిమా నేను ఇప్పటికీ చూడలేదు. దాని కథ నాకు ఉమ చెప్పినదే.

ఉమకు ఆ కథ సగమే తెలుసు. ఎందుకంటే సగంలో లేచి మిద్దె ఎక్కి వచ్చింది. సినిమా వదిలేసి వచ్చిన ఆ పిల్లను చూసి, నన్ను దించి తను పట్టుకోవడానికి వచ్చిందేమో అనుకుని, కడ్డీని ఇంకా గట్టిగా పట్టాను. అది నా చుట్టూ తిరిగింది. "ఒక చెయ్యి తియ్ అక్కా," అంది. తీశాను. "ఇప్పుడు పక్కకు జరుగు." జరిగాను. ఒక్కోదానికీ గవాచి దగ్గరికి పరుగెత్తి బొమ్మ ఎలా ఉందో తొంగి చూసేది. ఆఖరికి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది, అంతే, కింద "పాయె, పాయె" అని వీధి అంతా గగ్గోలు. అవ్వ తిట్టిన తిట్లు కోట దాకా వినిపించి ఉంటాయి. ఉమ చెయ్యి తీసేసి, తిట్లేవీ చెవిన పడనట్టు, నన్ను, గొట్టాన్ని, తన చేతిని మార్చి మార్చి చూస్తూ నిలబడింది.

అక్కడినుంచి దాని దారి దానిది. ఇంట్లో బొమ్మ పోయినప్పుడు తెర మీద పుట్టల్లోంచి లేచినట్టు చీమలు కదులుతాయి, మేమంతా విసుక్కుని లేచిపోయేవాళ్ళం, ఉమ ఆ చీమల్నే చూస్తూ కూర్చునేది. గుల్బర్గా పోయి ఎమ్మెస్సీ చదివింది. సెలవులకు వచ్చినప్పుడు, ఆ చీమల్లో కొన్ని ఆకాశం పుట్టిన నాటి నుంచి వస్తున్నాయని చెప్పింది. అప్పుడే ఇంకో మాట కూడా చెప్పింది. మన ఒళ్ళంతా నీళ్ళు, ఉప్పు, దానికి కూడా అలలు తగులుతాయి, నేను పట్టుకున్నప్పుడు నేనూ యాంటెన్నాలో ఒక కడ్డీనయ్యానట. నేను బీకామ్‌తో ఆపి దుకాణంలో కూర్చున్నదాన్ని, ఆ ఒక్క మాటనే నా డిగ్రీ అనుకుని దాచుకున్నాను.

తర్వాత అది పుణె దాటి ఎక్కడో పొలాల మధ్య ఉన్న టెలిస్కోపు దగ్గర చేరింది. ఒకసారి చూడ్డానికి వెళ్ళాను. మబ్బు వైపు తెరిచిపెట్టిన గంగాళాలు, మా దుకాణం మొత్తం ఒకదాంట్లో పడేస్తే అడుగున ఎక్కడో గలగలమంటుంది. ఆ గిన్నెలు పట్టిన అలలన్నీ నడుమ కాళ్ళ మీద నిలబెట్టిన పెట్టెలో చేరతాయి, ఆ పెట్టెను ఉమే తయారు చేసిందట. గేటు దగ్గర కాపలా మనిషి నా ఫోను ఆపించి తీసుకున్నాడు, నక్షత్రాల మధ్య వాయువు చేసే సన్నటి గొణుగుడు నా ఫోను రొదలో వినబడదట. గదిలో కూర్చుని ఉమ ఏదో మీట నొక్కితే బయట గంగాళం మెల్లగా, చప్పుడు లేకుండా తిరిగింది. నా అరచేతులు జివ్వుమన్నాయి. "ఎవరు పట్కుంటరు దాన్ని?" అని అడిగాను. "ఎవరూ పట్కోరక్కా, మనిషి దగ్గరికి పోతే పాడయితది," అంది నవ్వుతూ. నేను నవ్వలేదు. రైల్లో వచ్చేటప్పుడు కూడా నవ్వు రాలేదు.

అంత ఆకాశం తన చేతిలో ఉన్న ఉమ, పోయిన నెల మా ఊరి కాలేజీలో మాట్లాడడానికి వచ్చి, ముందు వరసలో నన్ను కూర్చోబెట్టుకుని, మైకులో ఏమందో వినండి. చిన్నప్పుడు మిద్దె మీద టీవీ యాంటెన్నా పట్టుకుని నిలబడేదాన్ని, నేను పట్టుకుంటే బొమ్మ వచ్చేది, వదిలితే పోయేది, ఎందుకని అడిగిన ఆ ప్రశ్నే నన్ను ఇక్కడిదాకా తెచ్చింది, అంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. పక్కనున్న పంతులమ్మ నా చెయ్యి పట్టుకుని, ఎంత గొప్ప బాల్యం మీ చెల్లెలిది, అంది. నక్షత్రాలన్నీ తీసుకో, నేను అడిగానా? నాకున్నది ఒక్క ఇనుప గొట్టం. శాలువా కప్పేదాకా ఆగకుండా ఆటో ఎక్కి ఇంటికి వచ్చేశాను.

మిట్టమధ్యాహ్నం అది వచ్చింది, పట్టుచీర, చేతిలో బొకే. నేను ఒగ్గాణి, బజ్జీలు చేసి బల్ల మీద పెట్టి కూర్చున్నాను.

"మిద్దె మీద ఎవరుంటిరి?" అని అడిగాను.

బొకే కింద పెట్టింది. "నువ్వే."

"మరి?"

"చెప్పి చెప్పి గట్లనే అయిపాయె అక్కా. ఒక్కోసారి నాకే నిజమనిపిస్తది." నా భుజం వైపు చూసి, "నేను నిన్ను పట్టుకున్న గదా," అంది.

"నువ్వు పట్టుకుంటే పాయె. అది గూడ చెప్పు సభల."

దుకాణంలో పిల్లను మందలించినట్టు మందలించి ఊరుకోవచ్చు, ఊరుకోలేకపోయాను. "చెప్పినవ్ గదా పట్కున్నా అని. పో. ఎక్కు. పట్కో," అన్నాను. నవ్వుతుందేమో అనుకున్నాను. చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, మెట్ల వైపు నడిచింది. నేను మరీ కసాయిదాన్ని కాదు, తువ్వాలు తడిపి చేతికిచ్చాను.

నాయన కుర్చీలో కూర్చున్నాను. టీవీ ఉండే చోట ఇప్పుడు ఫ్రిజ్జు ఉంది. అవ్వ లేదు, నాయన లేడు, చాచీ వాళ్ళ మిద్దె పోయి మూడంతస్తులు లేచింది, కోట గుట్ట ఇప్పుడు మా మిద్దె మీది నుంచి కనబడదు. ఊళ్ళో టవరూ, హైదరాబాదు టవరూ ఆపేసి చాలా ఏళ్ళయింది. ఆ గొట్టంలోకి రావడానికి గాలిలో ఏమీ లేదు, ఆ సంగతి ఈ దేశంలో ఉమకు తెలిసినంత బాగా ఎంతమందికి తెలుస్తుంది. అయినా పైన అడ్డకడ్డీ కిర్రుమంది, తుప్పు రాలి గవాచిలోంచి నా ముందు పడింది.

"వచ్చిందా అక్కా?"

"రాలే. జర ఎనకకు తిప్పు."

తిప్పింది. ఆ ఎండలో, ఆ వయసులో, మోకాళ్ళ నొప్పితో, తిప్పింది. "ఇప్పుడు?"

గవాచిలోంచి దాని ముఖం కనబడడం లేదు, గొట్టం చుట్టూ తడి తువ్వాలు, దాని మీద రెండు చేతులు కనబడుతున్నాయి.

"వచ్చె," అన్నాను. "ఇడ్వకు. గట్లనే పట్కో."

ఫ్యాను కాస్త పెంచుకుని, బజ్జీల పళ్ళెం దగ్గరికి లాక్కున్నాను. అవి ఇంకా వేడిగానే ఉన్నాయి.