ర్యాప్ డ్రెస్ కింది అంచు

పటమటలో మేడమీద గదిలో అద్దెకుండేవాణ్ణి. కింద ఇంటి ఓనరుగారు, అరవై దాటిన ఆవిడ, ఒక్కరే ఉండేవారు. గ్యాస్ సిలిండరు దొర్లిస్తున్నా, ఫ్యాను రెక్కలు తుడుస్తున్నా, సాయానికి వెళ్తే ఒకటే మాట: "నేను చేసుకుంటాలే బాబూ."

ఆ ఎండాకాలం పల్చటి పూల వాయిల్‌తో ర్యాప్ డ్రెస్ కుట్టుకున్నారు. "వెనక జిప్పుంటే ఎవరు లాగుతారు? ఇదైతే చుట్టుకుని నడుం దగ్గర నేనే ముడేసుకోవచ్చు" అన్నారు.

కింది అంచు దగ్గర ఆగిపోయారు. ఆ గుడ్డ ఒక్కోచోట ఒక్కోలా సాగుతుంది. ఒకరు వేసుకుని నిలబడితే ఇంకొకరు నేల నుంచి కొలిచి గుర్తు పెట్టాలి. మొదటిసారి నన్ను పిలిచారు.

"నీదీ నా ఎత్తేగా. ప్యాంటు మీదే చుట్టుకో. పెళ్లిచూపులేం కాదులే, సిగ్గుపడకు."

ఆవిడ పీట మీద కూర్చుని, స్కేలు నేలకి ఆనించి, నన్ను కొంచెంకొంచెం తిప్పుతూ సుద్దతో గీశారు. గీత చుట్టూ తిరిగి మొదలైనచోటే కలిసింది. సుద్ద డబ్బాలో పెట్టేశారు, కానీ లేవలేదు. అంచు సర్దుతూ మా చల్లపల్లి, మా అమ్మ చేసే పప్పుచారు, ఇబ్రహీంపట్నంలో నా డ్యూటీ, అన్నీ అడిగారు.

"కాళ్లు పీకుతున్నాయా?"

"లేదండీ" అని, గుర్తు పెట్టాల్సిన చోటు ఇంకా మిగిలినట్టు, కాస్త తిరిగి నిలబడ్డాను.