బల్లకు ముందు శనివారం

మా చిన్నప్పుడు... బల్ల ఆదివారానికి ముందు శనివారం వచ్చిందంటే, మా పేటంతా రాజీల హడావుడే!

మాది పుల్లలచెరువు దగ్గర చిన్న ఊరు. నెలలో మొదటి ఆదివారం మా ఏసయ్య గుడిలో ప్రభువు బల్ల ఉండేది. పాస్టరు అయ్యగారు విరిచిన రొట్టె ముక్క, ఎండు ద్రాక్ష నానబెట్టి పిసికిన రసం... ఎవరితోనైనా మాటలు లేకుండా ఉంటే అవి ముట్టకూడదని మా పెద్దల కట్టుబాటు. అందుకని నెలంతా కోళ్ల కోసం, గట్ల కోసం తిట్టుకున్నవాళ్లు శనివారం సాయంత్రం ఒకరి గడపకు ఒకరు పోయేవారు.

"నెలంతా కొట్లాడేది, శనివారం కలిసేది, సోమవారం మళ్లా మొదలుపెట్టేది... ఏం భక్తిరా సామీ!" అని మా నాయన నవ్వేవాడు.

ఒక ఎండాకాలం ఆ వంతు మా ఇంటికే వచ్చింది.

బోర్లు ఎండిపోయి ట్యాంకరు నీళ్లే దిక్కయ్యాయి. వరసలో ఉన్న మా బిందె జరిపి, పక్కింటి మార్తమ్మ పెద్దమ్మ తన బిందె పెట్టింది. మా అమ్మ నోరు మామూలుది కాదు. "పిల్లాజెల్లా లేని కొంప... నీకెందుకక్కా ఇన్ని నీళ్లు?" అనేసింది, అందరి ముందూ!

పెద్దమ్మ బిందె అక్కడే వదిలేసి ఇంట్లోకి పోయి తలుపేసుకుంది.

అమ్మ కూలికి పోతే నాకూ మా చెల్లికీ జడలు వేసేది, అన్నం పెట్టేది ఆ పెద్దమ్మే. జొన్నరొట్టె మీద ఎర్రకారం పూసి నాకోసం దాచేది. "ఇంక ఆ గడప తొక్కొద్దు" అంది అమ్మ. నాకు ఒకటే ఏడుపు...

శనివారం వచ్చింది. "పోయి ఒక్క మాట అనరాదా?" అన్నాడు నాయన.

"బిందె జరిపిందెవరంట? ఆమెనే రమ్మను!"

పొద్దుగూకింది. అమ్మ పోలేదు, పెద్దమ్మ రాలేదు.

ఆదివారం గుడిలో పెద్దమ్మ మాకు ముందు వరసలో కూర్చుంది. రొట్టె పళ్లెం ఆమె దగ్గరికి వచ్చింది. ముట్టకుండానే పక్కకు అందించి, కొంగు ముఖం మీదికి లాక్కుంది. ఆమె ఏడుస్తోందని నాకు తెలిసిపోయింది.

తర్వాత పళ్లెం అమ్మ చేతికి వచ్చింది. అమ్మ దాన్ని చూస్తూ ఉండిపోయింది... పక్కామెకు ఇచ్చేసి లేచింది. పాడేవాళ్లు పాట ఆపేశారు. అమ్మ పోయి పెద్దమ్మ ముందు కూలబడింది.

"అక్కా, నా నోరు పడిపోను! అనరాని మాట అంటి..."

పెద్దమ్మ ముఖం మీది కొంగు తీసింది. "ఆ మాట యాడికీ పోదులే సువార్తా. నా పానం ఉన్నన్నాళ్లూ ఉంటది" అంది.

అమ్మ భోరుమంది. అప్పుడు పెద్దమ్మే తన కొంగుతో అమ్మ ముఖం తుడిచి, "అయినా బిందె జరిపింది నేనే గదా... ఆ పళ్లెం ఇటు తెమ్మను" అంది.

అయ్యగారే తెచ్చి ఇచ్చారు. ఆరాధన అయ్యేదాకా నేను పెద్దమ్మ ఒళ్లోంచి లేవలేదు.

సోమవారం ట్యాంకరు రాగానే, అమ్మ పెద్దమ్మ బిందెను తన బిందెకు ముందు పెట్టింది. "సోమవారం వచ్చినా మొదలుపెట్టలేదేందే?" అని నాయన ఉడికించినా పట్టించుకోలేదు. పెద్దమ్మ బతికున్నన్నాళ్లూ వరసలో ఆమె బిందే ముందు.

ఇప్పుడు మా గుడికి టైల్స్ వేశారు. రసం చిన్న ప్లాస్టిక్ కప్పుల్లో ఇస్తున్నారు. తాగే నీళ్లు క్యాన్లలో ఇంటికే వస్తున్నాయి. పళ్లెం వస్తే అందరం తీసుకుంటున్నాం, ఫోన్లో ఒకరినొకరు బ్లాక్ చేసుకున్నవాళ్లతో సహా... శనివారం మాత్రం ఎవరూ ఎవరి గడపా తొక్కడం లేదు.

మీ ఊళ్లో ఇలాంటి శనివారాలు ఉండేవా? రాయండి, తీరిగ్గా చదువుతాను. అమ్మ పోయిన దగ్గర్నుంచి మా చెల్లికీ నాకూ మాటలు లేవు... ఇవాళ శనివారం. ముందు దానికి ఫోన్ చేయాలి.